నడక ఎందుకు మానేస్తారు

నరసరావుపేటలో ఒక ఎముకల ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేరాను. అక్కడే పనిచేసి అక్కడే రిటైరయ్యాను. ఈమధ్య కోర్సు ముగించి ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కొందరు మా ఇంటికొచ్చారు. ‘‘సార్, పెద్దవాళ్ళు నాలుగు రోజులు చేసి మానేస్తున్నారు. వాళ్ళని ఎట్లా మోటివేట్ చెయ్యాలి?’’ అని అడిగారు. ఆ పూట ఏదో చెప్పి పంపించాను. వాళ్ళు వెళ్ళాక ఆలోచిస్తే, చెప్పినదాంట్లో నిలబడే మాట ఒక్కటీ లేదనిపించింది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఊళ్ళో మమ్మల్ని ‘ఎక్సర్‌సైజుల డాక్టరు’ అంటారు. డాక్టర్లం కామని చెప్పినా వినరు. కాలు లేపించడం, మోకాలు వంచించడం, గోడ పట్టుకుని నిలబెట్టడం మా పని అనుకుంటారు. అది పనిలో చిన్న భాగం. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ అందరూ చేస్తారు. పక్కన మనం ఉంటాం, తలుపు దగ్గర బంధువులు ఉంటారు, నొప్పి ఇంకా కొత్తగా ఉంటుంది. అసలు పని, మనం వాళ్ళింటికి వెళ్ళడం మానేసిన మర్నాడు మొదలవుతుంది. ఆ పొద్దున ఆ మనిషి మంచం మీంచి లేచి, ఎవరూ చూడకుండా, ఎవరూ మెచ్చుకోకుండా, ఆ కాసేపూ తనంతట తను చేస్తాడా లేదా అన్నదే మనకు పరీక్ష. అందులో నేను నెగ్గినవాటికంటే ఓడిపోయినవే ఎక్కువ.

ఇంకెన్నాళ్ళు బతకాలని

యాభై ఏళ్ళ మనిషి దగ్గర భయం పనిచేస్తుంది. షుగరు పెరుగుతుందంటే నడుస్తాడు. పొట్ట తగ్గుతుందంటే నడుస్తాడు. డెబ్బై దాటినవాళ్ళ దగ్గర ఈ మాటలు చెల్లవు. ‘‘ఇంకెన్నాళ్ళు బతకాలని ఇయ్యన్నీ?’’ అంటారు. నా ఉద్యోగంలో అన్నిటికంటే ఎక్కువగా విన్న మాట ఇదే. నవ్వుతూ అంటారు కాబట్టి మనమూ నవ్వి, ‘‘మీకేందండీ, నూరేళ్ళు’’ అని దాటేస్తాం. దాటెయ్యకండి. వాళ్ళు నిజంగానే అడుగుతున్నారు.

మా పెద్ద డాక్టరు గారు కోపిష్టి. పేషెంట్లను కేకలేసేవారు. ఆ కేకలకు భయపడి చేసినవాళ్ళు చెకప్ తేదీ దాకా చేసేవాళ్ళు, ఆ తర్వాత మానేసేవాళ్ళు. కేకలతో మోకాళ్ళు వంగవని ఆయనకు నేనెప్పుడూ చెప్పలేకపోయాను. కానీ ఆయన దగ్గర ఒక్క మంచి అలవాటు నేర్చుకున్నాను. ఎవరన్నా ‘‘ఇంకెన్నాళ్ళు’’ అంటే ఆయన కేక ఆపి, స్టూలు లాక్కుని కూర్చునేవారు. ‘‘ఆ సంగతి తర్వాత చూద్దాం. రేప్పొద్దున లేచి నువ్వు యాడికి పోవాలనుకుంటన్నావ్? అది చెప్పు’’ అనేవారు.

శావల్యాపురం వైపు నుంచి వచ్చిన కోటయ్య అనే రైతుని ఇట్లాగే అడిగారు. తుంటి ఎముక విరిగి ప్లేటు వేసిన మనిషి. నా ఎక్సర్‌సైజులను అసలు లెక్కచేసేవాడు కాదు. ‘‘ఏంది డాక్టరా, పిలకాయల డ్రిల్లు’’ అని పక్క మంచం వాళ్ళను నవ్వించేవాడు. డాక్టరు గారు అడిగినప్పుడు మాత్రం కాసేపు పైకి చూసి, ‘‘బండలాగుడు పందేలకు పోవాలయ్యా’’ అన్నాడు.

‘‘పో. కుర్చీ వేయించుకుని కూర్చుని చూడు.’’

‘‘కుర్చీలో కూకుని చూసేదానికి అదేమన్నా సినిమానా? ఎడ్లు లాగినంతసేపూ నిలబడాలి. వాటితో బాటు మనం కూడా ఊగాల.’’

ఆ రోజు నుంచి కోటయ్యకు నేను తొడ కండ గురించి చెప్పడం మానేశాను. పందెం ఎంతసేపు సాగుతుందో అడిగి, అంతసేపు నిలబెట్టాను. తర్వాత ఇంటి దగ్గర గొడ్ల చావిట్లో గుంజ పట్టుకుని చేశాడు. మానలేదు.

ఇది మంచి కేసు. మీ ప్రొఫెసర్లు కూడా ఇట్లాంటివే చెబుతారు. మనిషికి ఒక గమ్యం చూపించండి, కాళ్ళు వాటంతట అవే కదులుతాయని. చాన్నాళ్ళు నేనూ అదే నమ్మాను. ఆ నమ్మకం ఎక్కడ సరిపోలేదో చెప్పాలనే ఈ రాత.

రాజ్యలక్ష్మమ్మ గారు

పేటలో ఇత్తడి, స్టీలు సామాను కొట్టు ఉన్న కుటుంబం వాళ్ళది. రాజ్యలక్ష్మమ్మ గారికి రెండు మోకాళ్ళూ మార్చారు. ఆపరేషనైన మర్నాడు నిలబెట్టడానికి వెళ్ళినప్పుడే ఆవిడ నాతో ఒక మాట అన్నారు.

‘‘బాబూ, నాకు పరుగులు పెట్టాలని లేదు. కొండెక్కాలని లేదు. మా అత్తగారిని నేను నాలుగేళ్ళు ఎత్తి కూర్చోబెట్టా, ఎత్తి పడుకోబెట్టా. ఎత్తినదానికి నాకు తెలుసు, ఎత్తించుకునేవాళ్ళ సంగతి. నన్ను ఒకళ్ళు ఎత్తే రోజు రాకుండా చూడు. అంతే.’’

అంత స్పష్టంగా తనకేం కావాలో చెప్పిన పేషెంటు నాకు ఇంకొకరు లేరు. చెప్పినట్టే చేశారు కూడా. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం వచ్చాక నేను వెళ్ళడం మానేశాను. ఆ తర్వాత రోజూ తెల్లవారగానే భర్త సుబ్బారావు గారితో స్టేడియం దాకా నడిచేవాళ్ళు. నేనూ అక్కడికే వెళ్ళేవాణ్ణి కాబట్టి కనపడేవాళ్ళు. ఆయన ముందు, ఆవిడ నాలుగడుగులు వెనక. ఆయన మధ్యమధ్య ఆగి, వెనక్కి తిరక్కుండానే, ‘‘వస్తన్నావా, కూరగాయలు బేరమాడతన్నావా?’’ అనేవారు. ఆవిడ, ‘‘ముందర పొయ్యేవాడికేం తెలుసు, వెనకమాల గుంటలు’’ అనేవారు. రోజూ అవే మాటలు. ఇద్దరికీ విసుగు రాలేదు.

తర్వాత మా ఆవిడ జబ్బుపడింది. చివరికి పోయింది. ఆ సంవత్సరం గురించి ఇక్కడ రాయను. కర్మకాండలు అయిపోయాక నాకు తెలిసిన ఒక్క పద్ధతి నడవడం, అదే చేశాను. స్టేడియంలో తెలిసినవాళ్ళు ఆగి పలకరించేవాళ్ళు. కొందరు మాట్లాడకుండా నాతో పాటు ఒక రౌండు వేసేవాళ్ళు. వాళ్ళలో సుబ్బారావు గారు ఒకరు. కొన్ని నెలలకు ఆయనే పోయారు. కొట్టులో కూర్చుని ఉండగానే గుండె ఆగింది.

తలూపే మనిషి

వేసవి మొదట్లో రాజ్యలక్ష్మమ్మ గారి కోడలు పద్మ ఫోన్ చేసింది. ‘‘డాక్టరు గారూ, అత్తయ్యగారు లేవలేకపోతన్నారు. నేను రెండు చేతులూ పట్టి లాగితేగాని లేవట్లేదు. మోకాళ్ళు మళ్ళీ పాడైనయ్యేమో చూస్తారా?’’

వెళ్ళి చూశాను. మోకాళ్ళకు ఏమీ కాలేదు. కీలు చక్కగా వంగుతోంది. తొడల ముందు కండ మాత్రం తగ్గిపోయింది. నెలల తరబడి మంచం మీద ఉంటే ఎవరికైనా అంతే. అట్లాగే వదిలేస్తే వేసవి దాటేసరికి ఆవిడ భయపడిన రోజు రావడం ఖాయం. చేతులు పట్టి లాగొద్దని పద్మకు చెప్పి, మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టాను.

‘‘పొద్దున ఆరింటికి, ఎండ రాకముందే, మంచం అంచున కూర్చుని కాళ్ళు చాపాలి. తర్వాత లేచి నిలబడాలి. తర్వాత గేటు దాకా.’’

‘‘చేస్తాలే బాబూ.’’

రెండు రోజులాగి వెళ్ళాను. ‘‘చేస్తున్నారా అమ్మా?’’ ‘‘చేస్తన్నా.’’ పద్మ వెనక నుంచి అడ్డంగా తల ఊపింది.

ఇక్కడ ఒక మాట. మనతో వాదించే పేషెంటు చేస్తాడు. ‘‘నొప్పి పుడతంది, నీ ఎక్సర్‌సైజులు తగలెయ్య’’ అని తిట్టేవాడు రేపు కొంచెమన్నా చేస్తాడు. మర్యాదగా తలూపే మనిషి దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. ఆ తల వెనక మనకు చెప్పని కారణం ఒకటి ఉంటుంది.

అప్పుడు నాకది తట్టలేదు. ఇది దుఃఖం అనుకున్నాను. దుఃఖం మీద ఇంట్లో ఉన్న పుస్తకాలు మా ఆవిడ పోయాక చాలా చదివాను. వాటితో తయారై వెళ్ళాను. మనసు తేరుకుంటే కాళ్ళు వాటంతట అవే నడుస్తాయని పద్మకు చెప్పాను. భజనలు పెట్టమన్నాను, బంధువులను రమ్మనమన్నాను. చివరికి నా సంగతే ఎత్తాను.

‘‘అమ్మా, మీకు తెలుసుగా. మా ఆవిడ పోయింది. నాకూ లేవబుద్ధి కాలేదు. అయినా లేచి నడుస్తున్నాను. మనం నడవాలి.’’

ఆవిడ నా వంక చూశారు. ‘‘నువ్వు నడుస్తావు నాయనా’’ అన్నారు. మెచ్చుకున్నారనుకుని ఇంటికొచ్చాను.

గేటు దగ్గర

ఇట్లా కాదని, ఒక రోజు పొద్దున్నే నేనే వాళ్ళింటికి వెళ్ళాను. ముందుగా చెప్పలేదు. రాజ్యలక్ష్మమ్మ గారు వెనక గదిలో ఉన్నారు. తలుపు దగ్గరికి వేసి ఉంది. పడుకుని లేరు, మంచం మీద కూర్చునే ఉన్నారు. జుట్టు దువ్వుకున్నారు, చీర సరిచేసుకున్నారు. చాలాసేపటి క్రితమే మెలకువ వచ్చిందని చూస్తే తెలిసిపోతోంది.

‘‘ఇప్పుడొచ్చావేంది?’’ అన్నారు, మెల్లిగా. ‘‘అబ్బాయి ఇంకా పోలా.’’

‘‘అబ్బాయి పోవడానికీ దీనికీ ఏముందమ్మా? లేవండి.’’

నడుం వెనక చెయ్యి ఆనించి లేపాను. వాకర్ ఇచ్చాను. గది గడప దగ్గర ఆగి, ‘‘హాల్లో ఉన్నాడా చూడు’’ అన్నారు. కొడుకు నాగేశు స్నానాల గదిలో ఉన్నాడు. ఆ సంగతి చెప్పాక, ఆ కాళ్ళతో ఆవిడ హాలంతా దాటిన వేగం చూసి ఆశ్చర్యపోయాను. గేటు దాకా వచ్చాం. గేటు తియ్యబోతే నా మణికట్టు పట్టుకున్నారు.

‘‘ఎవరన్నా వస్తన్నారేమో చూడు ముందు.’’

ఎదురింటి రాము బండి బయటికి తీస్తున్నాడు. పురుగుమందుల కొట్టు అతనిది. ఆవిడను పిన్నీ అంటాడు, చిన్నప్పటి నుంచీ వాళ్ళింట్లో తిరిగినవాడు. అతన్ని చూడగానే ఆవిడ వాకర్ తిప్పి గోడ చాటుకు వెళ్ళిపోయారు. అంత త్వరగా తిరిగితే పడిపోతారని నేను కంగారుపడ్డాను.

‘‘అతన్ని పోనీ’’ అన్నారు.

బండి చప్పుడు వీధి మలుపు దాటిందాకా అట్లాగే నిలబడ్డాం. తర్వాత అక్కడే మెట్టు మీద కూర్చోబెట్టాను. ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు. ఏడవలేదు. సరుకు ధర చెబుతున్నట్టు చెప్పారు.

భర్త పోయాక, నిద్రలకు చుట్టాలిళ్ళకు వెళ్ళి రావడాలు కూడా అయ్యాక, ఒక పొద్దున నడకకు బయల్దేరారట. గేటు తీసి వీధిలో కాలు పెట్టేసరికి రాము కొట్టు తియ్యడానికి వెళుతూ ఎదురయ్యాడు. బండి ఆపాడు. స్టాండు వేశాడు. ఇంట్లోకి వెళ్ళి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయటికొచ్చి అప్పుడు బయల్దేరాడు.

‘‘ఒక్క మాట అన్లా. అంటే తిట్టేదాన్ని. తిట్టటం నాకు రాదా? ఏమీ అన్లా. ‘బాగున్నావా పిన్నీ’ అని పలకరించి మరీ లోపలికి పొయ్యాడు.’’

‘‘అతని తెలివితక్కువకు మీరు నడక మానేస్తారా అమ్మా?’’

‘‘తెలివితక్కువేందయ్యా. నేను చెయ్యలేదా? మా ఆయన కొట్టుకు పొయ్యేటప్పుడు వీధిలోకి చూసి, భర్త పోయిన మనిషి ఎవరన్నా వస్తంటే ‘ఆగండి, కాసిని మంచినీళ్ళు తాగి పోండి’ అని నేనే వెనక్కి పిలిచేదాన్ని. ఎంతమందిని చూసి పిలిచానో. వాళ్ళకు తెలవకుండానే చేశాననుకున్నా. తెలిసే ఉంటదని ఇప్పుడు తెలిసింది.’’

ఆవిడే మళ్ళీ అన్నారు.

‘‘రాముగాడి సంగతి సరే. నా కొడుకు కొట్టు తియ్యడానికి పోతాడు. బోణీ వేళ. పొద్దున్నే లేచి వాడికి ఎదురు ఎట్లా వచ్చేది? అందుకని వాడు పోయిందాకా ఈ గదిలోనే ఉంటన్నా. వాడు పోయేసరికి తొమ్మిదిన్నర. అప్పటికి ఎండ నెత్తికెక్కుద్ది, కాళ్ళు బిగుసుకుపోతయ్. నువ్వేమో ఆరింటికి లెయ్యమంటావు.’’

నేను రాసిచ్చిన టైమే ఆవిడ చెయ్యలేని టైము. మన పల్నాడు ఎండలకు పెద్దవాళ్ళందరికీ పొద్దున ఆరే చెబుతాం. పుస్తకంలో అది సరైన టైమే. ఆ ఇంట్లో ఆ టైముకు ఒక ముసలావిడ తన ఊపిరి చప్పుడు కూడా బయటికి వినపడకుండా కూర్చుని ఉంటుందని ఏ పుస్తకమూ చెప్పదు.

లేవబోతుంటే ఆవిడ అన్నారు. ‘‘మొన్న నీ సంగతి చెప్పావు. భార్య పోయినా స్టేడియం చుట్టూ తిరుగుతున్నానన్నావు. నిన్ను చూసి ఎవరన్నా లోపలికి పోయి నీళ్ళు తాగారా నాయనా?’’

లేదని చెప్పాను.

కొట్టు తాళాలు

సులువైన దారి ఒకటుంది. టైము మార్చడం. సాయంత్రం చేయించొచ్చు, డాబా మీద చేయించొచ్చు. చాలాసార్లు మనం అదే చెయ్యాలి, ఊరిని బాగుచెయ్యడానికి మనకు జీతం ఇవ్వరు. కానీ పొద్దున్నే మెలకువ వచ్చిన మనిషి మూడు గంటలు మంచం మీద కదలకుండా కూర్చుంటే సాయంత్రం నేను చేయించే పావుగంట దేనికీ సరిపోదు. అంతకంటే పెద్ద సంగతి, తన కాళ్ళు కదలకపోవడమే ఇంటికి మంచిదని ఆ మనిషి నమ్మినప్పుడు ఏ ఎక్సర్‌సైజూ నిలవదు. నేను ఇన్నాళ్ళూ ఆవిడకు ఉత్సాహం లేదనుకున్నాను. కొడుక్కి అడ్డు రాకూడదన్న పట్టుదల ఆవిడకు కొండంత ఉంది. ఆ పట్టుదలే ఆవిణ్ణి మంచానికి కట్టేసింది.

కొట్టుకు వెళ్ళాను. నాగేశు బిందెల వరసల మధ్య కూర్చుని ఉన్నాడు. సంగతి చెబితే మొహం ఎర్రబడింది.

‘‘నేనెప్పుడన్నా అన్నానాండీ? పద్మను అడగండి. ఒక్క మాట అన్నానేమో.’’

‘‘మీరు అనలేదు. పొద్దున మీ అమ్మగారిని చూసి ఎన్నాళ్ళైంది?’’

‘‘నిద్దరపోతంది అనుకున్నా. నాన్న పోయాక రాత్రుళ్ళు నిద్దర పట్టట్లేదేమో, పడుకోనీలే అని...’’ ఆగిపోయాడు. పక్కనున్న చెంబు తీసుకుని పంచె చెంగుతో తుడవడం మొదలుపెట్టాడు. దాని మీద దుమ్ము లేదు. ‘‘నాన్నకి కొట్టు తాళాలు రోజూ అమ్మే చేతికిచ్చేది. దేవుడి గూట్లోంచి తీసి. నేను మేకుకు తగిలిచ్చుకుని, నేనే తీసుకుపోతన్నా. అదన్నా తట్టలేదు చూడండి నాకు.’’

ఏం చెయ్యమంటారని నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు. ‘‘రేపు పొద్దున ఒకసారి రండి’’ అన్నాడు.

మర్నాడు వెళ్ళేసరికి తయారై హాల్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తాళాల గుత్తి తల్లి మంచం పక్కన పెట్టి వచ్చాడట. వెనక గదిలోంచి ఆవిడ గొంతు వినపడింది.

‘‘ఒరేయ్, వేళ దాటిపోతంది. పద్మ చేత తాళాలు పంపిస్తా, తీసుకుని పో.’’

‘‘నువ్వు తెచ్చియ్యి, పోతా.’’

‘‘నీకేం పిచ్చా? శుక్రవారం పూట.’’

‘‘శుక్రవారమైతే ఏంది?’’

పద్మ తలుపు దగ్గరికి వెళ్ళి, ‘‘అత్తయ్యా, ఆయన కదిలేటట్టు లేరు’’ అంది. ‘‘వాళ్ళ నాన్న కూడా ఇంతేనే. మొండి ఘటం’’ అని లోపలి నుంచి జవాబు. కొట్టు ముందు నిలబడ్డ పనివాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. నాగేశు ఫోను ఎత్తకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు ఆవిడ రాలేదు. ఆ రోజు కొట్టూ తెరవలేదు. మధ్యాహ్నం భోజనం చేసి అతను అదే కుర్చీలో కునుకు తీశాడని పద్మ చెప్పింది.

రెండో రోజు నేను ఆవిడ గదిలో నిలబడ్డాను. కాసేపు కొడుకుని తిట్టారు, కాసేపు నన్ను తిట్టారు. తిట్లు వింటుంటే నాకు ధైర్యం వచ్చింది. తర్వాత చెయ్యి చాచారు, లేపమని. నేను పట్టుకోలేదు. ‘‘మీకు తెలుసమ్మా ఎట్లా లేవాలో’’ అన్నాను. మంచం అంచుకు జరిగారు. పాదాలు వెనక్కి లాక్కున్నారు. ముందుకు వంగి లేవబోయి, వెనక్కి కూలబడ్డారు. కూర్చుని ఊపిరి తీసుకున్నారు. మళ్ళీ ప్రయత్నించారు. నేను పక్కనే, పడితే అందేంత దూరంలో ఉన్నాను. చెయ్యి మాత్రం వెనక్కి పెట్టుకున్నాను. మన పనిలో అన్నిటికంటే కష్టమైనది అదే. కొత్తవాళ్ళు ఎవ్వరూ చెయ్యలేరు, చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది.

ఆవిడ లేచారు. తాళాల గుత్తి తీసుకుని, వాకర్ వదిలేసి, గోడ పట్టుకుని గడప దాకా వచ్చారు. అక్కడ ఆగి కొంగు తల మీదికి లాక్కుని, మొహం గోడవైపు తిప్పుకుని, తాళాలున్న చెయ్యి మాత్రం చాచారు.

నాగేశు లేచి నిలబడ్డాడు. తాళాలు తీసుకోలేదు.

‘‘ఇటు చూసి ఇయ్యి.’’

‘‘తీసుకోరా, చెయ్యి లాగుతంది.’’

‘‘నాన్నకి ఇట్నే ఇచ్చావా? మొహం చూపిచ్చి ఇయ్యమ్మా.’’

చివరికి ఆవిడ ఇటు తిరిగారు. అతను తాళాలు తీసుకుని, మాట్లాడకుండా చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ అదే కుర్చీలో కూర్చుని, ‘‘బోణీ అయిందో లేదో మధ్యాహ్నం ఫోన్ చేసి కనుక్కోవే’’ అన్నారు పద్మతో.

ఆ రోజు చీకటి పడిందాకా బోణీ కాలేదని నాగేశు తర్వాత నాతో చెప్పాడు. ఇంట్లో మాత్రం తలుపులు తీస్తూనే పెళ్ళి సామాను బేరం తగిలిందని చెప్పాడట.

కొత్తగా వచ్చేవాళ్ళకు

ఆ తర్వాత ఆవిడకు నేను పెద్దగా చేసిందేమీ లేదు. రోజూ పొద్దున తాళాలు ఇవ్వడానికి లేచారు. లేచినవాళ్ళు ఎట్లాగూ లేచామని కాళ్ళు చాపే వ్యాయామం చేశారు. మంచం నుంచి హాలు, హాలు నుంచి గేటు. కండ మెల్లగా వచ్చింది. వయసులో ఉన్నవాళ్ళకు వచ్చినంత రాలేదు, ఆవిడకు కావలసినంత వచ్చింది.

ఇప్పుడు మీరడిగిన ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు. పట్టుదల వయసుతో పాటు తరిగేదే. కండ తరిగినట్టే అదీ తరుగుతుంది. తరిగే దాని మీద మీ ప్లాను నిలబెట్టకండి. ఆ మనిషి లేవకపోతే ఆగిపోయే పని ఒకటి ఆ ఇంట్లో ఉందా చూడండి. చిన్నదైనా ఫరవాలేదు, కానీ నిజమైనదై ఉండాలి. పెద్దవాళ్ళను సంతోషపెట్టడానికి కల్పించిన పని అయితే వాళ్ళు ఇట్టే కనిపెడతారు. నాగేశు కొట్టు నిజంగా మూసేశాడు కాబట్టే ఆవిడ లేచారు.

రెండోది, ‘ఇంట్రెస్టు లేదు’ అని కేసు షీటులో రాయకండి. నేను చాలామందికి రాశాను. అందులో ఎంతమంది ఎవరికి ఎదురు రాకూడదని గదిలో కూర్చున్నారో నాకిప్పుడు తెలిసే దారి లేదు. పేషెంటును ఒక్కసారన్నా వాళ్ళింటి గేటు దాకా నడిపించి, అక్కడ ఆవిడ కళ్ళు ఎటు పోతున్నాయో చూడండి. మోకాలు వంగే కోణం కొలవడం ఆ తర్వాత.

మూడోది నా గురించి. నాకూ ఇప్పుడు ఆ వయసే వచ్చింది. పొద్దున మెలకువ వస్తుంది. ఇంట్లో రెండో మనిషి లేదు. ఎందుకు లేవాలి అని రోజూ అనిపిస్తుంది. దానికి నా దగ్గర మంచి జవాబేమీ లేదు. జవాబు దొరికిందాకా ఆగితే లేవలేనని మాత్రం తెలుసు. అందుకని ముందు లేచి చెప్పులు వేసుకుంటాను. నడుస్తుంటే కొన్ని రోజులు ఆ ప్రశ్న పోతుంది, కొన్ని రోజులు పోదు. పోని రోజు కూడా నడక నడకే. వీధిలో ఎవరూ నన్ను చూసి వెనక్కి తిరగరు. అది నా గొప్ప కాదని తెలుసు కాబట్టి, నడవని ఆడవాళ్ళను బద్ధకస్తులని ఇప్పుడు అనను.

వీధిలో

వానలు మొదలయ్యాక ఒక పొద్దున రాజ్యలక్ష్మమ్మ గారు వీధిలోకి వస్తానన్నారు. కర్ర ఒక్కటే. నేను అరడుగు వెనక, పక్కగా ఉన్నాను. నాగేశు తాళాలు తీసుకుని అప్పటికే వెళ్ళాడు. మబ్బుగా ఉంది, నేల తడిగా ఉంది. గేటు తీసుకుని ఆవిడే బయటికి అడుగు పెట్టారు. ముందుగా వీధి చూడమని నాకు చెప్పలేదు.

కొంచెం దూరం నడిచేసరికి ఎదురింటి గేటు తెరుచుకుంది. రాము బండి నడిపించుకుంటూ బయటికొచ్చాడు. వానలు పడ్డాయంటే పురుగుమందుల కొట్టుకు సీజను మొదలైనట్టే, మంచి తొందరలో ఉన్నాడు. ఆవిణ్ణి చూసి ఆగాడు.

‘‘బాగున్నావా పిన్నీ? నడుస్తన్నావే!’’ అన్నాడు. నిజంగానే సంతోషంగా అన్నాడు. తర్వాత ఒక్క క్షణం తటపటాయించి, బండికి స్టాండు వేసి, లోపలికి వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. ‘‘పదండమ్మా, మనం పోదాం’’ అన్నాను. ఆవిడ మొహం చూడలేకపోయాను.

‘‘ఉండు’’ అన్నారు.

కర్ర రెండు చేతులతో పట్టుకుని, అతని గేటు ఎదురుగా, వీధి మధ్యలో నిలబడ్డారు. అంతసేపు ఊరికే నిలబడటం నడవడం కంటే కష్టం, నేను చెయ్యి సిద్ధంగా పెట్టుకున్నాను. ఆవిడ గోడ వైపు వెళ్ళలేదు. కొంగు ముందుకు లాక్కోలేదు.

రాము తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ బయటికొచ్చి, ఆవిణ్ణి అక్కడే చూసి ఆగిపోయాడు.

‘‘తాగావా నాయనా?’’ అన్నారావిడ.

‘‘ఏంది పిన్నీ?’’

‘‘మంచినీళ్ళు.’’

అతను తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు.

‘‘తాగితే ఇంక బయల్దేరు. నేను ఆ చివరిదాకా పోయి మళ్ళీ ఇట్నే రావాలి. నువ్వు ఆలస్యం చేస్తే మళ్ళీ ఎదురొస్తా. రోజూ ఎదురొస్తా. ఎన్ని నీళ్ళు తాగుతావో తాగు.’’

కర్ర ముందుకు వేసి నడక మొదలుపెట్టారు. నేను వెనకే వెళ్ళాను. మేము వీధి చివరికి చేరిందాకా బండి స్టార్టయిన చప్పుడు వినపడలేదు.